సరళాదేశం

టిన్ను రేకుల మిల్లులో యాసిడ్ తొట్లు ఉండేచోట
ఇప్పుడు సంగీతం గది.
ముసురు పట్టి కిటికీలు మూసిన రోజు
పియానో వెనకనించి పుల్లటి వాసన వస్తుందంటాడు హెడ్విన్.
ఇంకెవరికీ రాదు.

నవంబరు. బడిలో తల్లిదండ్రుల సాయంత్రం.
తలుపు మీద 'తోయండి' అని రెండుసార్లు రాసుంది,
పైన వెల్ష్, కింద ఇంగ్లీషు.
అతను కిందిది చదివి తోశాడు.
డెబ్భైరెండేళ్ళుగా ఈ లోయలో కిందిదే చదువుతున్నాడు.
అమ్మమ్మ ఆ భాషలో ప్రార్థన చేసేది,
అమ్మ ఆ భాషలో కోళ్ళని తిట్టేది,
అతని దాకా వచ్చేసరికి
కోళ్ళు కూడా లేవు.

పిల్లల కుర్చీ. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.
లెక్కల టీచరు టెగ్వెన్ మర్యాదకి ఇంగ్లీషులోకి దిగబోయింది.
"నాకోసం మార్చకండి," అన్నాడు,
"వినాలనే వచ్చాను. అర్థం మా మాబ్లి చెబుతుంది."

టీచరు చాలాసేపు మాట్లాడింది.
"బాగా చేస్తున్నానట," అంది మనవరాలు.
టీచరు ఇంకా చాలాసేపు మాట్లాడింది,
నోటుపుస్తకం తిప్పి, ఎర్ర గీతల మీద వేలు పెట్టి.
"చాలా బాగా చేస్తున్నానట."
రెండు భాషలూ వచ్చిన టెగ్వెన్
పెదవి కొరుక్కుని ఊరుకుంది.
తర్వాత ముందుకి వంగి, పిల్లతో మాత్రమే,
"గన్ బుయ్‌ల్, మాబ్లి," అంది.

అప్పుడు లేచింది హెడ్విన్ కుడిచెయ్యి,
అతన్ని అడక్కుండానే.
అరచెయ్యి నేలవైపు తిప్పి
కొంచెం, ఇంకొంచెం, గాలిని కిందికి దించుతూ.
పైన క్రేన్లో ఇడ్వాల్,
గొలుసుకి ఇరవై టన్నుల ఉక్కుచుట్ట,
దాని కింద ఇనప దిమ్మ, దిమ్మ పక్కన మనుషులు.
భాష వచ్చినవాడూ రానివాడూ
మాల్టానించి వచ్చిన సాల్వూ కూడా
అందరూ వేసే కేక అదొక్కటే.
వినకపోతే కాళ్ళు ఉండవు.

"తొందరపడుతోందనేగా?" అన్నాడు టీచరుతో.
"దారి చూపించకుండా జవాబు రాసేస్తోందని?"
మాబ్లి చెవులు
నోటుపుస్తకంలో గీతల రంగులోకి వచ్చాయి.

ఆ రాత్రి ఆమె నిఘంటువు అడిగి తీసుకున్నాడు.
'బ'లో వెతికాడు. లేదు.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెతికాడు. లేదు.
ముప్ఫైనాలుగేళ్ళు అరిచిన మాట
పుస్తకంలో లేకపోతే ఎక్కడిది?

మనల్ని అడిగితే చెప్పేవాళ్ళం.
ద్రుతం మీద పరుషం సరళమవుతుందని
బెంచీ ఎక్కి నిలబడి బట్టీపట్టినవాళ్ళం.
వెనక ఒక నకారం వచ్చి నిలబడితే చాలు
కకారం గకారమై, పకారం బకారమై
మెత్తబడిపోతుంది, అక్కడా ఇక్కడా.
అతనికి ఎవరూ చెప్పలేదు.
మెత్తబడిన మాటనే పట్టుకుని
ఇన్నాళ్ళూ అంత గట్టిగా అరిచాడు.

"'ప'లో చూడు తాతా," అంది మాబ్లి, పళ్ళు తోముకుంటూ.
ఉంది.
పుయ్‌ల్: నిలకడ, వివేకం.
ముందు ఏ మాటా తోడు లేకుండా
దాన్ని ఒక్కదాన్నే నోట్లో పెట్టుకుని చూశాడు.
యూనిఫారం విప్పేసిన తోటి పనివాడు
బజార్లో కనబడితే
గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టినట్టుంది.

"ఆ చివరి లకారం అలా కాదు," అందామె.
"నాలుక పైకానించు. పక్కనించి గాలి వదులు. గొంతు వద్దు."
వదిలాడు. వంటింట్లో కెటిల్ మూత తీసినట్టయింది.
"ఎక్కువైంది. కొంచెం తగ్గించు."
తగ్గించాడు.
"ఇంకొంచెం," అంది,
బ్రష్షు పట్టుకున్న చెయ్యి నేలవైపు దించుతూ.